కెమెరా గొప్పదా... చూసే కన్ను గొప్పదా?

పులస పులుసు మట్టి దాకలో పెడితేనే రుచి అంటారు మన గోదావరి వాళ్లు. నిజమేనండీ. స్టీలు గిన్నెలో కాగిన పులుసుకీ, దాకలో సన్నసెగన మరిగిన పులుసుకీ తేడా నాలుకకి తెలిసిపోతుంది. అలాగని దాక కొనుక్కొచ్చిన ప్రతి ఇంట్లోనూ పులస కుదురుతుందా? చింతపండు ఎంత పిండాలో, గరిట పెట్టకుండా దాకని ఎలా కుదపాలో, ఎప్పుడు దింపాలో తెలిసిన చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఉన్నావిడ తప్పనిసరైతే స్టీలు గిన్నెతోనైనా పరువు నిలబెట్టుకుంటుంది.

ఫోటోల దగ్గరకి వచ్చేసరికి మాత్రం మనం ఈ సంగతి మరిచిపోతాం. పక్కింటివాళ్ల పెళ్లి ఆల్బమ్ బాగుంటే "ఏం కెమెరా అండీ?" అని అడుగుతాం గానీ "తీసిన అబ్బాయి ఎవరండీ?" అని అడగం!

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈమధ్య ఏ ఇంట్లో చూసినా ఇదే గొడవ. ఉన్న ఫోను పనిచేస్తూనే ఉంటుంది, అయినా "కెమెరా బాగోలేదు, మార్చాలి" అంటారు పిల్లలు. మా తోడికోడలి ఇంట్లో అయితే ఇది అప్పు దాకా వెళ్లింది. వాళ్లుండేది ఆత్రేయపురం దగ్గర పల్లెటూరు. పూతరేకులు చుడుతుంది, వేసవిలో ఆవకాయ పెడుతుంది. ఫోన్లో ఫోటోలు పెట్టి హైదరాబాదు, బెంగుళూరు నుంచి కూడా ఆర్డర్లు తెచ్చుకుంటోంది. కొన్నాళ్లకి ఆర్డర్లు మందగించాయి. "నీ ఫోటోలు చూస్తే ఎవరు కొంటారమ్మా, యాభై అయిదు వేలు పెడితే మంచి కెమెరా వస్తుంది, డ్వాక్రా సంఘంలో అప్పు తియ్యి" అని వాళ్లబ్బాయి పట్టు. ఆవిడ నాకు ఫోన్ చేసి, "ఏం చెయ్యమంటావక్కా?" అంది.

యాభై అయిదు వేలంటే మనలాంటి ఇళ్లలో ఆషామాషీ డబ్బు కాదు. నేను పెద్ద ఫోటోగ్రాఫర్నేమీ కాదు గానీ, చిన్నప్పట్నించీ ఫోటోల పిచ్చి ఉన్నదాన్ని. మా నాన్నగారి దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. రీలు వేస్తే 12 బొమ్మలే. దాంతో ఆయన మా అన్నయ్యని అరుగు మీద నిలబెట్టి ఒక్క ఫోటో తీయడానికి పావుగంట చూసేవారు, ఎండ కాస్త వాలాలని. పన్నెండే ఉన్నాయి కాబట్టి ఓపిక ఉండేది మరి. ఇప్పుడు ఒక్క పుట్టినరోజుకే రెండొందలు తీసి, ఒక్కటీ తిరిగి చూసుకోం.

పులిదిండిలో తీసిన సినిమా

ఆత్రేయపురం అనగానే గుర్తొచ్చింది. ఆ మండలంలోనే పులిదిండి అని ఊరుంది. 1967లో వచ్చిన 'సాక్షి' సినిమా అక్కడే తీశారు. బాపుగారికి దర్శకుడిగా అదే మొదటి సినిమా. ఆయన పుట్టింది నరసాపురంలో, కథ రాసిన ముళ్లపూడి వెంకటరమణగారు పుట్టింది ధవళేశ్వరంలో. ఇద్దరూ మనవాళ్లే. మద్రాసు స్టూడియోల్లో సెట్లు వేసి, దీపాల వెలుతురులో సినిమాలు తీసే రోజుల్లో, చేతిలో పెద్దగా డబ్బు లేక పల్లెటూరికి వచ్చి ఊరినే సెట్టుగా వాడుకున్నారు. అది నలుపు తెలుపుల సినిమా. రంగులు కూడా లేవన్నమాట. బాపుగారు బొమ్మలు వేసే మనిషి కదా! కెమెరా ముట్టుకోకముందే ప్రతి దృశ్యం కాగితం మీద బొమ్మగా గీసుకునేవారట. ఎవరెక్కడ నిలబడాలి, వెనక ఏం కనపడాలి అన్నది ముందే కంటికి తెలుసన్నమాట.

తర్వాత 1975లో 'ముత్యాల ముగ్గు' వచ్చింది. అందులో కెమెరా పనికి జాతీయ అవార్డు వచ్చింది, ఇషాన్ ఆర్య అనే ఆయనకి. అంతకుముందు 1973లో హిందీలో ఎం.ఎస్.సత్యు తీసిన 'గరం హవా'కి కూడా ఆయనే కెమెరామన్. దేశ విభజనప్పుడు ఆగ్రాలో ఒక ముస్లిం కుటుంబం పడ్డ బాధల కథ. ఆ సినిమాకి డబ్బు ఎంత తక్కువంటే, అరువు తెచ్చుకున్న కెమెరాతో తీశారు. అక్కడికక్కడ మాటలు రికార్డు చేసే పరికరాలకి డబ్బుల్లేక, బొమ్మ మూగగా తీసి, మాటలు తర్వాత కలిపారు. యాభై ఏళ్లు దాటినా దాన్ని ఇప్పటికీ మంచి సినిమాల్లో ఒకటిగా చెప్పుకుంటారు. చూశారా, అవార్డు ఇచ్చింది మనిషికి గానీ కెమెరాకి కాదు కదండీ!

సినిమా వేరు, మన ఫోటోలు వేరు అంటారేమో. వెలుతురు మాత్రం ఇద్దరికీ ఒకటే.

మండువాలో ఉన్న మహత్యం

మా అమ్మమ్మగారిది కోనసీమలో మండువా లోగిలి. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొబ్బరిచెట్లు వేలకి వేలు కూలిపోయాయి, వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి పెంకులు లేచిపోయి మా అమ్మమ్మగారింట్లో గోడలకున్న ఫోటోలన్నీ తడిసి, ఒకదానికొకటి అంటుకుపోయాయి. భోషాణంలో చీరల అడుగున ఉన్న ఒక్కటి మిగిలింది. అమ్మమ్మ పెళ్లయిన కొత్తలో తీసిన ఫోటో. చెక్కపెట్టె లాంటి కెమెరా మోసుకుని ఊరూరూ తిరిగే ఆయన ఎవరో, నల్లగుడ్డ తలమీద కప్పుకుని తీశారట.

ఆ ఫోటో ఇప్పుడు చూసినా అమ్మమ్మ ముఖం మీద ముక్కుపుడక మెరుపు, చెంప నునుపు, కళ్లలో ఆ భయం అన్నీ తెలుస్తాయి. వెనకంతా చీకటి. స్టూడియో దీపాల్లేవు, కరెంటే లేదు ఆ ఊరికి. ఎలా వచ్చింది? అమ్మమ్మ చెప్పేది: "ఆయన నా కుర్చీ మూడుసార్లు జరిపించాడే. ముందు వీధి అరుగు మీద వేయించాడు, తర్వాత సావిట్లో, ఆఖరికి మండువా అంచుని, నీడలో కూర్చోబెట్టాడు" అని. కిటుకంతా ఆ మూడోసారి కుర్చీ జరపడంలోనే ఉంది.

మండువాలో పైన ఆకాశం తెరిచి ఉంటుంది. ఎండ నేరుగా ముఖం మీద పడదు, ఆకాశం వెలుతురు మాత్రం మెత్తగా దిగుతుంది. అంచున కూర్చున్న మనిషి ముఖానికి ఆ వెలుతురు అందుతుంది, వెనక గదికి అందదు. అందుకని ముఖం వెలుగుతూ, వెనకంతా చీకట్లో కలిసిపోతుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం పనికిరాదు సుమా! సూర్యుడు నడినెత్తిన ఉంటే కళ్లకింద గుంటల్లా నీడలు పడతాయి. ఉదయం పది లోపు, సాయంత్రం నాలుగు దాటాక ప్రయత్నించండి.

"మండువా ఇళ్లు ఇప్పుడెక్కడున్నాయండీ, మేముండేది అపార్టుమెంట్లో" అంటారా? బాల్కనీ తలుపు తీసి, గుమ్మానికి ఒక అడుగు లోపల, వెలుతురుకి ఎదురుగా మనిషిని కూర్చోబెట్టండి. గదిలో ట్యూబులైటు ఆపేయండి. మీరు బాల్కనీలోకి వెళ్లి లోపలికి తిరిగి తీయండి. అంతే, మీ ఇల్లే మండువా. కిటికీలోంచి ఎండ నేరుగా పడుతుంటే మీవారి తెల్లపంచె ఒకటి అడ్డంగా కట్టండి. వెలుతురు వడగట్టినట్టు మెత్తబడుతుంది. ఫోటో తీసేటప్పుడు వాళ్లు "నా పంచె ఏదీ?" అని అడగకుండా చూసుకోవడం మీ పని!

పూతరేకు పరీక్ష

సరే, మా తోడికోడలి సంగతికి వద్దాం. కిందటి దసరాకి వాళ్ల ఊరు వెళ్లినప్పుడు ఆవిడ పెట్టిన ఫోటోలన్నీ వరసగా చూశాను. తెల్లటి రేకుల్ని తెల్లటి పింగాణీ పళ్లెంలో పెట్టి, రాత్రిపూట ట్యూబులైటు కింద ఫ్లాష్ వేసి తీసింది. పళ్లెం కింద పువ్వుల ప్లాస్టిక్ గుడ్డ. రేకు ఏదో, పళ్లెం ఏదో తెలియడం లేదు. పువ్వులు మాత్రం బ్రహ్మాండంగా కనపడుతున్నాయి!

"రేకు తీయడానికి నీకు మిషనేమైనా ఉందా?" అని అడిగాను. "కుండ ఉంది కదక్కా" అంది నవ్వి. బోర్లించిన కుండ, కింద మంట, పిండిలో ముంచిన గుడ్డముక్క, ఇంతే సరంజామా. ఆ గుడ్డ ఒక్క విసురుతో కుండ మీద పరిచి లాగితే కాగితం కన్నా పల్చటి రేకు లేస్తుంది. అదే కుండ నాకిస్తే అట్టు కూడా రాదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే ఆ చేతుల పుణ్యమే.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకి, ఆవిడ పాత ఫోనుతోనే మొదలుపెట్టాం. ముందు లెన్సు తుడిచాను. నవ్వకండి! వంటింట్లో తిరిగే ఫోను మీద నెయ్యి చేతుల మరక ఎప్పుడూ ఉంటుంది. ఫోటోలు మసగ్గా, దీపాల చుట్టూ వెలుతురు చిందినట్టు వచ్చాయంటే సగంసార్లు కారణం అదే. మెత్తటి నూలుగుడ్డతో తుడిస్తే చాలు. తర్వాత కిటికీ పక్కన పాత టేకుపీట వేసి, దానిమీద అరటాకు పరిచి, రేకులు పెట్టాం. ఆకుపచ్చ మీద తెలుపు ఎంత లేచి కనపడిందో! కిటికీ రేకులకి వెనకవైపు ఉండేలా తిరిగి తీస్తే, చివరి మడతల్లోంచి వెలుతురు దూరి లోపలి బెల్లం పొడి, జీడిపప్పు నీడలా కనపడ్డాయి. పల్చదనమే కదా రేకు గొప్ప! ఆ పల్చదనం ముందునుంచి ఫ్లాష్ వేస్తే ఎప్పటికీ కనపడదు. ఇటువైపు నీడ ఎక్కువగా ఉంటే, ఒక తెల్లటి దుప్పటి మడతపెట్టి నిలబెట్టాం. వెలుతురు దానికి తగిలి వెనక్కొచ్చి నీడని పల్చబరిచింది. స్టీలు పళ్లెం పెడదామంది ఆవిడ. వద్దన్నాను, అది మెరుపుమరకలు వేస్తుంది.

ఇంకో మాట. అన్నం, సాంబారు, వేడి పకోడీ ఏదైనా పొగలు కనపడాలంటే కూడా వెలుతురు వెనకనుంచే రావాలి, వెనక కాస్త ముదురు రంగు ఉండాలి. తెల్లగోడ ముందు పొగ కనపడదు. ఫోను తెరమీద వంటకాన్ని వేలితో తాకితే అక్కడ స్పష్టంగా వస్తుంది. చాలా ఫోన్లలో ఆ వేలునే పైకీ కిందకీ జరిపితే వెలుతురు పెరుగుతుంది, తగ్గుతుంది. తెల్లటి పదార్థాలకి కాస్త తగ్గించుకోండి, లేకపోతే రేకు మడతలన్నీ కలిసిపోయి సున్నం పూసినట్టుంటుంది.

గంటన్నరలో పది ఫోటోలు తేలాయి. వాళ్లబ్బాయి చూసి "ఇది మన ఫోనేనా?" అన్నాడు. అప్పు ఆలోచన ఆగింది. ఆ డబ్బులో పదో వంతు కూడా కాకుండా, దారిలో రేకులు విరగకుండా గట్టి అట్టపెట్టెలు చేయించుకుంది. కార్తీకమాసానికి ఆర్డర్లు మళ్లీ వచ్చాయి. ఫోటోలవల్లా, పెట్టెలవల్లా, పండగలవల్లా అంటే చెప్పలేను. మూడూ కలిసే అయ్యుంటుంది.

కెమెరా తరఫు వాదన

ఇప్పుడు ఆ కుర్రాడి మాట కూడా వినాలి. "దొడ్డమ్మా, అన్నింటికీ ఫోను చాలదు" అన్నాడు. చాలదు, ఒప్పుకుంటాను. కోరింగ మడ అడవుల్లో పడవలో వెళ్తూ ఆ చివర కొమ్మమీద పిట్టని తీయాలంటే, చూపు ఎంత ఉన్నా దూరం లాగే పెద్ద లెన్సు ఉండాల్సిందే. ఫోనులో వేళ్లతో లాగి పెద్దది చేస్తే చాలాసార్లు ఉన్న బొమ్మనే సాగదీసినట్టవుతుంది, పిట్ట ముద్దముద్దగా వస్తుంది. స్కూలు వార్షికోత్సవంలో చీకటి స్టేజి మీద గెంతే పాపని తీయాలన్నా అంతే. చిన్న లెన్సుకి, చిన్న ఫోనుకి అంత తక్కువ వెలుతురులో కదిలే కాళ్లు అందవు.

పెళ్లిళ్ల సంగతి సరేసరి. అర్ధరాత్రి రెండింటికి ముహూర్తం. జీలకర్రా బెల్లం పెట్టేది ఒక్క క్షణం. ఆ క్షణం మళ్లీ రాదు. అందుకే మంచి ఫోటోగ్రాఫర్లు రెండు కెమెరాలు మెళ్లో వేసుకుంటారు, ఒకటి మొండికేస్తే రెండోది ఉండాలని. "మా అబ్బాయి ఫోనుతో తీసేస్తాడు, మీరు అయిదువేలు తగ్గించండి" అని వాళ్లతో బేరాలాడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు పెట్టుబడి పెట్టింది షోకుకి కాదు, అన్నానికి. అదే కెమెరా మా ఎరికలో ఒకాయన సరదాకి కొని, రెండుసార్లు తీసి, పట్టుచీరల పక్కన బీరువాలో దాచారు. దానికి నాఫ్తలీను ఉండలు కూడా వేస్తారేమో వాళ్లావిడని అడగాలి.

నా లెక్క ఏమిటంటే, ఉన్న ఫోనుతో ఒక సంవత్సరం బాగా తీసి, "ఇదిగో, ఈ పని దీనితో కావడం లేదు" అని వేలుపెట్టి చూపించగలిగితే అప్పుడు కెమెరా కొనండి. ఊరికే "బాగా రావడం లేదు" అంటే మాత్రం వద్దు.

రాజమండ్రి వెళ్తే ఇది చూడండి. పుష్కరఘాటు మెట్లమీద సాయంత్రం వందమంది ఫోన్లు ఎత్తుతారు. అటు కొవ్వూరు వైపు సూర్యుడు దిగుతుంటాడు, పక్కన వంతెనలు. వీళ్లేమో సూర్యుణ్ణి వెనక పెట్టుకుని ముఖాలు ఫోటో తీసుకుంటారు, ముఖాలు బొగ్గుల్లా వస్తాయి. ఎంత ఖరీదు ఫోనైనా కాసేపు తడబడుతుంది. ముఖం కావాలంటే మనిషి సూర్యుడివైపు తిరగాలి. వంతెన, పడవ నల్లటి నీడల్లా, ఆకాశం నారింజరంగులో కావాలంటే తెరమీద ఆకాశాన్ని తాకి తీయాలి. సూర్యోదయం నీటిమీద కావాలంటే కొవ్వూరు గట్టుకి వెళ్లాలి. ఏ గట్టున నిలబడాలో కెమెరా చెప్పదు కదా! ఊళ్లోనే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి 1925లో చిన్న వయసులోనే పోయిన మహానుభావుడు. ఆ బొమ్మల్లో వెలుగు ఎటునుంచి పడుతోందో ఒక్క అరగంట చూసి రండి. పది పుస్తకాలు చదివినట్టే.

నలభై ఎనిమిదేళ్లకి మొదలుపెట్టినావిడ

"ఈ వయసులో మాకేం వస్తుందండీ" అనేవాళ్ల కోసం ఒకావిడ గురించి చెప్పాలి. పేరు జూలియా మార్గరెట్ కామెరాన్. 1815లో మన కలకత్తాలో పుట్టింది. పిల్లల తల్లి, పెద్ద సంసారం. 1863లో ఇంగ్లండులో ఉండగా, కూతురూ అల్లుడూ ఆవిడకి కెమెరా కానుకగా ఇచ్చారు, కాలక్షేపానికి ఉంటుందని. అప్పటికి ఆవిడకి 48 ఏళ్లు! కోళ్లగూడు స్టూడియో అయింది, బొగ్గుల కొట్టు ఫోటోలు కడిగే చీకటిగది అయింది. ఆ రోజుల్లో గాజుపలకకి మందు పూసి, అది తడారకముందే తీసి, కడగాలి. చేతులూ బట్టలూ మరకలు. పెద్దపెద్ద ఫోటోగ్రాఫర్లు ఆవిణ్ణి వెక్కిరించారు, "మసగ్గా ఉన్నాయి, పని రాదు" అని. ఆవిడ మాత్రం ముఖాలకి దగ్గరగా వెళ్లి, ఒక పక్కనుంచి వెలుతురు పడేలా చూసి తీస్తూనే ఉంది. వెక్కిరించినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు. ఆవిడ ఫోటోలు లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. అంటే, పనితనం అంటే మర తిప్పడం ఒక్కటే కాదన్నమాట. ఎవరి ముఖంలో ఏముందో చూడ్డం కూడా.

మన దేశంలో హోమై వ్యారావాలా అని, పత్రికలకి ఫోటోలు తీసిన తొలి మహిళ. 1913లో గుజరాత్‌లోని నవసారిలో పుట్టారు. మొదట్లో ఆవిడ ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యేవి. తర్వాత 'డాల్డా 13' అన్న మారుపేరు పెట్టుకున్నారు, వంటింటి డబ్బాలా! పుట్టింది 1913, భర్తని కలిసింది పదమూడో ఏట, కారు నంబరు డి.ఎల్.డి. 13. అదీ ఆ పేరు కథ. చీర కట్టుకుని, బరువైన కెమెరాలు మోసుకుని ఢిల్లీలో సైకిలు మీద తిరిగారు. నెహ్రూగారు పావురాన్ని ఎగరేస్తున్న ఫోటో ఆవిడదే. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆవిడ దగ్గర మంచి కెమెరాలే ఉండేవి, కాదనను. ఆ కెమెరాలే పక్కన నిలబడ్డ మగవాళ్ల దగ్గరా ఉన్నాయి.

ఇక నా మనసులో మాట. కిందటేడు మా పినత్తగారు పోయారు. పదకొండో రోజుకి ఫ్రేము కట్టించాలని అందరి ఫోన్లూ వెతికాం. నాలుగు ఫోన్లలో వేల ఫోటోలున్నాయి. గృహప్రవేశం, ఓణీల ఫంక్షను, సంక్రాంతి, పిల్లల రైమ్స్... ఎందులోనూ ఆవిడ లేదు. వంటింట్లో ఉంది! ఆఖరికి ఒక పెళ్లి గుంపు ఫోటోలోంచి కత్తిరించారు. ఆవిడ భుజం మీద ఇప్పటికీ ఎవరిదో చెయ్యి సగం కనపడుతూనే ఉంటుంది. నలభై వేల ఫోను, పాతికవేల ఫోను, ఏదీ ఆవిడ వైపు తిరగలేదు.

అందుకని ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ అత్తగారినో, అమ్మనో, పిన్నినో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. నవ్వమనకండి. చేతికి చిక్కుడుకాయలో, మల్లెమొగ్గలో ఇచ్చి కబుర్లు చెప్పండి. మరీ ముఖం దగ్గర ఫోను పెడితే ముక్కు లావుగా వస్తుంది, నాలుగైదు అడుగుల దూరంలో ఉండి తీయండి. ఆవిడ మాటల్లో పడి మిమ్మల్ని మరిచిపోయినప్పుడు నొక్కండి. తర్వాత ఫోను ఆవిడ చేతికిచ్చి, మీ ఫోటో ఆవిడచేత తీయించుకోండి.

ఆ రెండింటినీ స్టూడియోకి పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, 'డాక్యుమెంట్'గా పంపండి. 4×6 అంగుళాల ప్రింటు వేయిస్తే అయ్యే ఖర్చు ఒక పూట టిఫినుకి సరిపోదు. ఆల్బమ్ మాత్రం బీరువా అడుగు అరలో పెట్టకండి. మన గోదావరి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, పై అరలో పెట్టండి.